బ్రేకు వేస్తే కారు పక్కకి లాగుతుంటే

నెల్లూరు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

బ్రేకు తొక్కితే కారు ఎడమకి పోతోందనీ, షెడ్డులో ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు (రాచి చక్రాన్ని ఆపే పలకలు) మార్చినా తేడా లేదనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఇంకే సామానూ కొనబాకు. ఏ చక్రం దగ్గర తప్పుందో తేలకుండా సామాను మారిస్తే డబ్బు పోతుంది, తప్పు అక్కడే ఉంటుంది.

ముందు గాలి చూడు. టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఎంత ఉండాలో డ్రైవర్ డోరు తీస్తే పక్కన స్టిక్కరు మీద ఉంటుంది. చిన్న కార్లకి చాలావరకు 30 నుంచి 33 పాయింట్లు (psi). ముందు టైర్లు రెండిటికీ నాలుగైదు పాయింట్ల తేడా ఉంటే బండి గాలి తక్కువున్న వైపుకి పోతుంది. రెండు టైర్లూ ఒకే రకం, ఒకే అరుగుదల ఉన్నాయో లేదో కూడా చూసుకో.

తర్వాత తెల్లవారుజామున ఖాళీగా, చదునుగా ఉన్న రోడ్డు చూసుకో. హైవే మీద వద్దు. నీళ్ళు జారడానికి మన రోడ్లు అంచుకి వాలుగా ఉంటాయి కాబట్టి, మంచి బండైనా కాస్త ఎడమకి పోతుంది. దాన్ని బ్రేకు తప్పనుకోబాకు. 40 స్పీడులో స్టీరింగు వదులుగా పట్టుకుని మెల్లగా బ్రేకు తొక్కు. బండి ఎడమకి లాగితే ఎడమ చక్రమే చెడిందని చాలామంది విప్పేస్తారు. ఎక్కువసార్లు ఎడమది బాగా పట్టుకుంటూ ఉంటుంది, కుడిదే పట్టడం లేదు. బ్రేకు తొక్కకుండా పోతున్నా ఎడమకే లాగుతుంటే మాత్రం ఎడమ చక్రం వదలకుండా బిగుసుకుపోయి ఉండొచ్చు.

దీన్ని వేడి తేలుస్తుంది. ఐదారు కిలోమీటర్లు బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ, గేర్లతోనే స్పీడు తగ్గించుకుంటూ పోయి ఆగు. రిమ్ము సందుల దగ్గర అరచెయ్యి పెట్టి నాలుగు చక్రాల సెగ పోల్చు. చక్రం లోపల తిరిగే ఇనప డిస్కుని ముట్టుకోబాకు, చర్మం ఊడిపోతుంది. ఒక్కటే కాగుతుంటే అది బిగుసుకున్న చక్రం. అన్నీ చల్లగా ఉంటే ఇంకోసారి పోయి ఎనిమిది పదిసార్లు బ్రేకు వేసి చూడు. ఈసారి ముందు రెండిట్లో చల్లగా ఉన్నది పనిచేయని చక్రం.

ఇక విప్పడం. చదును నేల మీద వెనక చక్రాలకి రెండు వైపులా రాళ్ళు పెట్టి, నట్లు కింద ఉండగానే కాస్త వదులు చేసి, అప్పుడు జాకీ ఎత్తు. స్టాండు పెట్టకుండా జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద చెయ్యి పెట్టబాకు. క్యాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) విప్పాక దాన్ని హోసుకి, అంటే బ్రేక్ ఆయిల్ వచ్చే రబ్బరు గొట్టానికి, వేలాడనివ్వకుండా కమ్మీతో కట్టు. దుమ్ముని నోటితో గానీ గాలి పైపుతో గానీ ఊదబాకు, ఊపిరితిత్తులకి చేటు. తడిగుడ్డతో తుడువు.

ప్యాడ్లు చూస్తే సగం సంగతి తెలుస్తుంది. లోపలిది బాగా అరిగి బయటిది కొత్తగా ఉంటే క్యాలిపర్ జరగడానికి ఉండే స్లైడ్ పిన్నులు పట్టేసినట్టు. కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్ళో, రొయ్యల గుంటల కట్టల మీద తిరిగే బండికి, ముందుగా అనుమానించాల్సింది ఇదే. గాలిలో ఉప్పు పిన్నుల రబ్బరు తొడుగు చిరుగులోంచి లోపలికి పోయి తుప్పు పట్టిస్తుంది. ప్యాడ్లు మార్చినవాడు పిన్నులు తియ్యకపోతే నీకు జరిగిందే జరుగుతుంది.

పిన్ను చేత్తో లాగితే రావాలి, వేళ్ళతో నెడితే లోపలికి జారాలి. రాకపోతే మెల్లగా తిప్పుతూ తియ్యి. పాత జిడ్డంతా బ్రేక్ క్లీనర్‌తో కడిగి, తుప్పుని సన్న ఎమరీతో తీసి, గుంటలు పడ్డ పిన్ను మార్చు. సిలికాన్ బ్రేక్ గ్రీజు శనగగింజంత చాలు, పలచగా పూయి. బేరింగు గ్రీజు గానీ ఇంజన్ ఆయిల్ గానీ పెడితే రబ్బరు ఉబ్బి మళ్ళీ పట్టేస్తుంది. కొన్ని బండ్లకి ఒక పిన్నుకి కొస రబ్బరు ఉంటుంది, రెండోదానికి ఉండదు. ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకుని మళ్ళీ అక్కడే వెయ్యి. చిరిగిన తొడుగు తప్పక మార్చు.

పిన్నులు బాగుంటే క్యాలిపర్‌లో ప్యాడుని నెట్టే పిస్టన్ చూడు. పాత ప్యాడు అడ్డం పెట్టి క్లాంపుతో నెమ్మదిగా నెట్టు. నెట్టినప్పుడు బానెట్టు కిందున్న డబ్బాలో బ్రేక్ ఆయిల్ పైకొస్తుంది, పొంగక ముందే కొంచెం తీసెయ్యి. పెయింటు మీద పడితే వెంటనే నీళ్ళతో కడుగు. పిస్టన్ కదలకపోతే, లేదా రబ్బరు చిరిగి తుప్పు కనపడితే సీలు కిట్టు వెయ్యాలి. పిస్టన్ మీద గుంటలు పడి ఉంటే క్యాలిపరే మార్చాలి.

చాలామంది వదిలేసేది హోసు. పైకి బాగున్నా లోపల పొర ఊడి ఆయిల్‌ని పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. చక్రం ఎత్తి, ఒకరు బ్రేకు తొక్కి వదిలాక చేత్తో తిప్పు. బిగుసుకుని ఉంటే బ్లీడరు నిపిలు (క్యాలిపర్ మీద ఆయిల్, గాలి వదిలే చిన్న స్క్రూ) కాస్త వదులు చెయ్యి. ఆయిల్ చిమ్మి చక్రం తిరిగితే, అవతలి చక్రం మామూలుగా వదులుతుంటే, తప్పు హోసుది. నిపిలు తీసినా బిగుసుకునే ఉంటే పిస్టన్ లేదా పిన్నులు. హోసులు జతగా మార్చి, బ్రేకు పైపుల్లో చేరిన గాలి తీయించు. గాలి తీసేటప్పుడు డబ్బా ఖాళీ కాకూడదు.

ప్యాడు మీద గ్రీజు గానీ ఆయిల్ గానీ పడితే ఆ చక్రం పట్టదు. రుద్దితే పోదు, రెండు వైపులా మార్చాల్సిందే. మందం 3 మిల్లీమీటర్లకి దిగినా మార్చు. స్టీరింగు వణుకుతుంటే అది వేరే జబ్బు: డిస్కు మందంలో తేడా. అంచున ఉన్న కనీస మందానికి తక్కువైతే టర్నింగు చేయించకు, మార్చు.

వెనక తోక ఊగినట్టుంటే వెనక చక్రాల డ్రమ్ములు (డిస్కు బదులుండే గిన్నెలు) విప్పు. లోపల ఆయిల్‌తో బ్రేకుని నెట్టే వీల్ సిలిండరు రబ్బరు మడత ఎత్తితే తడి కనపడితే లీకు. వెనక రెండూ ఎత్తి హ్యాండ్ బ్రేకు ఒక్కొక్క క్లిక్కు లాగు. రెండు చక్రాలూ ఒకే క్లిక్కులో బిగియకపోతే బ్రేకు సందు సరిచేసే అడ్జస్టరు పట్టేసింది, లేదా కేబులు. ఉప్పుగాలిలో బండిని రోజుల తరబడి నిలిపేటప్పుడు హ్యాండ్ బ్రేకు వద్దు, గేరులో పెట్టి ఇటుకలు అడ్డం వెయ్యి.

అన్నీ బిగించాక కదిలేముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కు. ఇది మరిస్తే మొదటి బ్రేకే పడదు. కొత్త ప్యాడ్లు కుదురుకోడానికి 50 స్పీడు నుంచి 10కి పదిసార్లు మెల్లగా తగ్గించు, మధ్యలో చల్లారనివ్వు, పూర్తిగా ఆపబాకు. పెడల్ కిందికి దిగిపోతూ డబ్బాలో ఆయిల్ తగ్గుతుంటే మాత్రం బండి నడపబాకు, టోయింగు బండి మీద ఎక్కించి షెడ్డుకి పంపు.

దోర్నాల మీదుగా శ్రీశైలం పోతారని విన్నాను. బ్రేక్ ఆయిల్ రెండేళ్ళు దాటిందేమో చూడు. తేమ పీల్చిన ఆయిల్ ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మరిగి, పెడల్ మెత్తబడిపోతుంది. డబ్బా మూత మీద రాసిన గ్రేడే పోయించు. బండి ఇంకా పక్కకి లాగుతుంటే మీ అమ్మని బస్సులో తీసుకుపో.

మామయ్య