రాయగడ వాళ్ల ఎంపీ ఉపాధి హామీ కూలీపై ఏమన్నారు?
ఒడిశాలోని రాయగడ, గుణుపురం కోరాపుట్ లోక్‌సభ స్థానం కిందికే వస్తాయి. 2019లోనూ 2024లోనూ గెలిచింది కాంగ్రెస్ నేత సప్తగిరి శంకర్ ఉలక. ఆయన అధ్యక్షతన పార్లమెంటు గ్రామీణాభివృద్ధి స్థాయీ సంఘం (ఎంపీల కమిటీ) 2025లో రోజు కూలీ కనీసం 400 రూపాయలు చేయాలని, పనిదినాలు 100 నుంచి 150కి పెంచాలని సిఫార్సు చేసింది. కాకపోతే అది సంఘం మాట, ఆయన సొంత మాట కాదు. అందులో వేర్వేరు పార్టీల వాళ్లు ఉంటారు, ప్రభుత్వం ఒప్పుకొని తీరాలనీ లేదు.

ఓటు చూసి తేల్చుకుందామంటే ఇంకో చిక్కు. చాలా బిల్లులు మూజువాణి ఓటుతో (నోటితో అవును, కాదు అనడంతో) గట్టెక్కుతాయి, ఎవరి పేరూ నమోదు కాదు. డివిజన్ (ఓట్లు లెక్కించడం) జరిగినా, విప్ (ఇలా ఓటేయాలన్న పార్టీ ఆదేశం) ఉంటే పార్టీ లైనే. సొంత వైఖరి కావాలంటే టీవీ బైట్లు వదిలేసి, లోక్‌సభ వెబ్‌సైట్‌లో ఆయన ప్రసంగాలు, అడిగిన ప్రశ్నలు పేరుతో వెతకండి.