మాస్కుతో పరుగెత్తేటప్పుడు ఊపిరాడకపోవడం గురించి

నమస్కారం. ఢిల్లీకి మారాక నవంబరు పొగమంచులో ఎన్95 మాస్కు పెట్టుకుని పరుగెత్తుతుంటే ఉక్కిరిబిక్కిరి అవుతోందని, ఒంట్లో ఆక్సిజన్ తగ్గిపోతోందేమోనని భయపడుతూ రాశారు. ఆరోగ్యవంతులకు మాస్కు వల్ల రక్తంలో ఆక్సిజన్ చెప్పుకోదగినంత తగ్గదు, ఆ విషయంలో నిశ్చింతగా ఉండండి. అసలు ఇబ్బంది వేరు. పరుగులో మనం పీల్చే గాలి మామూలుకన్నా ఎన్నో రెట్లు పెరుగుతుంది. అంత గాలినీ దట్టమైన వడపోత పొరల గుండా లాగాలి. పైగా విడిచిన ఊపిరి వేడి, తేమ లోపలే నిలుస్తాయి. చెమటకు మాస్కు తడిసేకొద్దీ గాలి ఆడటం ఇంకా కష్టమవుతుంది.

మీకు కావలసింది కాలుష్యం నుంచి రక్షణ కాబట్టి, ఊపిరి వదిలే కవాటం ఉన్న ఎన్95 తీసుకోండి. వేడిగాలి బయటికి పోతుంది. (జలుబు, దగ్గు ఉన్న రోజుల్లో మాత్రం అది వద్దు, ఎదుటివారిని సరిగా కాపాడకపోవచ్చు.) గుడ్డ మాస్కు హాయిగా అనిపించినా సన్నని ధూళిని సరిగా ఆపలేదు. పక్కవారితో మాట్లాడగలిగేంత వేగానికి తగ్గండి.

గాలి నాణ్యత సూచీ 300 దాటిన రోజున బయట పరుగు పూర్తిగా మానేయమనే చెబుతాను. కిటికీలు మూసి ఇంట్లోనే వ్యాయామం చేయండి. చలికాలం తెల్లవారుజామున కాలుష్యం నేలకు దగ్గరగా పేరుకుంటుంది, ఎండ ముదిరాక సాధారణంగా కాస్త తగ్గుతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో సూచీ చూసి బయలుదేరండి.

కళ్లు తిరిగినా, ఛాతీ పట్టేసినా వెంటనే ఆగి మాస్కు తీసేయండి. ఉబ్బసం గానీ గుండె జబ్బు గానీ ఉంటే ముందుగా డాక్టరును అడగండి.