బొమ్మ మీద నుంచి చేయి తీయడం

“ఒక్క చిత్రం కూడా మిగలని గ్రీకు చిత్రకారుడు అపెల్లీస్‌ను గొప్పవాడని ఎలా నమ్మాలి?” అని అడిగారు. నేను నమ్ముతాను. అందుకు కారణం మా నాయనమ్మ బొమ్మ.

ఇరవై ఏళ్ల కిందట, పాత ఫోటో ఒకటి ఎదురుగా పెట్టుకుని ఆమె ముఖాన్ని ఆయిల్ రంగుల్లో వేశాను. మూడో రోజు సాయంత్రానికి కళ్లలో ఆమె చూపు, పెదవి చివర ఆమె అదిమిపట్టే నవ్వు వచ్చేశాయి. మా నాన్నగారు గుమ్మంలోనే ఆగిపోయి, “ఇక ముట్టుకోకురా” అన్నారు. నేను వినలేదు. చెంప మీది ముడతలు ఇంకా మెత్తబడాలని, ముక్కుపుడక ఇంకా మెరవాలని మరో పది రోజులు దిద్దుతూనే ఉన్నాను. తడి ఆరకముందే రంగు మీద రంగు వేయడంతో చెంపలు మట్టిరంగుకు తిరిగి, ఆ నవ్వు కాస్తా పోయింది. ఎన్నిసార్లు ప్రయత్నించినా మళ్లీ చిక్కలేదు.

ఆ తరువాత కొన్నేళ్లకు, రోమన్ రచయిత ప్లినీ క్రీ.శ. 1వ శతాబ్దంలో లాటిన్‌లో రాసిన ‘ప్రకృతి చరిత్ర’ 35వ సంపుటం అనువాదంలో చదివాను. క్రీ.పూ. 4వ శతాబ్దపు అపెల్లీస్, తన సాటివాడైన ప్రోటోజెనీస్ అతిశ్రద్ధతో చెక్కినట్టు వేసిన చిత్రాన్ని మెచ్చుకుని, అన్నిటిలోనూ అతను తనకు సమానుడో, తనకంటే మెరుగో అయినా, బొమ్మ మీద నుంచి చేయి ఎప్పుడు తీయాలో తెలియడంలో మాత్రం తానే మిన్న అన్నాడట. పోటీదారుణ్ణి అంతగా మెచ్చుకుంటూ తన బలం ఏదో ఒక్క మాటలో చెప్పగలిగినవాడు గొప్ప చిత్రకారుడు కాకపోవడం అసాధ్యం.

గ్రీకు చిత్రకళ అనగానే జ్యూక్సిస్ వేసిన ద్రాక్షలను పిట్టలు పొడిచాయన్న కథే అందరూ చెబుతారు. అది నాకు బాధ కలిగిస్తుంది. పిట్టలు మోసపోవడం ఒక బొమ్మకు కొలత ఎలా అవుతుంది?

నా దృష్టిలో అసలు సాక్ష్యం వేరే ఉంది. సముద్రంలోంచి లేచి వస్తున్న ప్రేమదేవత వీనస్‌ను అపెల్లీస్ చిత్రించగా, అగస్టస్ చక్రవర్తి ఆ చిత్రాన్ని రోమ్‌లో జూలియస్ సీజర్ ఆలయంలో ఉంచాడు. దాని కింది భాగం పాడైతే బాగుచేయగలవాడు ఎంత వెతికినా దొరకలేదని, ఆ నష్టమే చిత్రకారుడికి కీర్తి తెచ్చిందని ప్లినీ రాశాడు. చనిపోయే ముందు అపెల్లీస్ కోస్ ద్వీపవాసుల కోసం మొదలుపెట్టిన మరో వీనస్ సగంలోనే ఆగింది. గీసి ఉన్న రేఖల వెంట దాన్ని పూర్తి చేసేవాడు కూడా దొరకలేదట.