టూంబ్‌స్టోన్ తెర మీదే ఉండనీ, అల్లుడూ

ఆమదాలవలస

ఒరే అల్లుడూ,

సంక్రాంతి సెలవుల్లో మీ వీధి పిల్లలందరికీ చేత్తో పట్టుకుని ఆడే వీడియోగేమ్ పెట్టె పీఎస్పీలో రెజ్లింగ్ పోటీ పెడుతున్నావని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. ట్రంకు పెట్టెలోంచి మీ నాన్న పాత పీఎస్పీ తీసి, కొత్త బ్యాటరీ వేసి, ఇంకోటి ఫ్రెండు దగ్గర సంపాదించావట. చీటీలు వేసి ఎవరికి ఎవరు జోడీయో కూడా తేల్చేశావట. పదమూడేళ్లకే నలుగురిని కూడగట్టి ఒక పని తలకెత్తుకున్నావంటే నాకు ఎంత గర్వంగా ఉందో! కానీ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఫోన్ చేస్తే "సరే మావయ్యా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను, చివరిదాకా చదువు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. రెండు పీఎస్పీలు వైర్‌లెస్‌తో కలవాలంటే రెండింట్లోనూ ఒకే గేమ్ ఉండాలి. ఒకదాంట్లో స్మాక్‌డౌన్ వర్సెస్ రా రెజ్లింగ్ గేమ్ 2008ది, ఇంకోదాంట్లో 2010ది పెడితే కలవవు. సేవ్ అవుతున్నప్పుడు మెమరీ స్టిక్ లాగొద్దు. పీఎస్పీల తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి మీ ఫ్రెండు దాంట్లో పాత బ్యాటరీయే ఉంటే వెనక మూత తీసి చూడు. పూరీలా ఉబ్బి ఉంటే ఛార్జింగ్ పెట్టకు, తీసి పక్కన పెట్టెయ్. తెర నాలుగంగుళాల చిల్లర. పదిమంది తలలు దాని మీదికి వంచకుండా ఆడేవాళ్లని గోడకి ఆనించి కూర్చోబెట్టు.

ఇక ఆట. మొదలెట్టగానే పరిగెత్తి పరిగెత్తి కొట్టేవాడు సగం మ్యాచ్‌కే స్టామినా అయిపోయి రొప్పుతూ నిలబడిపోతాడు. నువ్వు నెమ్మదిగా ఆడు, ఎదుటివాడిని అలసిపోనీ. ఎదుటివాడి పట్టుని తిప్పికొట్టే రివర్సల్ బటన్ ఊరికే టకటకా నొక్కితే పని చేయదు. అవతలివాడి చెయ్యి కదిలిన క్షణం కనిపెట్టాలి. మా బడిలో కబడ్డీ పిల్లలకి కూడా నేను ఇదే చెబుతాను, ముందు చూపు, తర్వాతే చెయ్యి. మీరందరూ మన దేశంలో పుట్టిన రెజ్లర్ ఖలీ కోసం కొట్టుకుంటారని నాకు తెలుసు. 2007లో ఆయన వరల్డ్ హెవీవెయిట్ ఛాంపియన్ అయినప్పుడు మేమూ ఊరంతా చెప్పుకున్నాం. కానీ మొదటి రౌండ్లో కాస్త చురుగ్గా కదిలేవాణ్ణి తీసుకో, గెలుస్తావు.

ఇప్పుడు అసలు సంగతి. మీ నాన్న బండి వెనక్కి తీసేటప్పుడు ఎడమవైపు చూడాలంటే తల కాకుండా ఒళ్లంతా తిప్పుతాడు, గమనించావా? ఎందుకో నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు. చెప్పకపోవడం ఆయన స్వభావం. నేను చెబుతాను.

అప్పటికి ఆయన నాకు బావ కాదు, మా వీధి స్నేహితుడు. శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతున్నాడు. నీ చేతిలో ఉన్న ఈ పీఎస్పీయే ఆయనది. ఒక వేసవి సాయంత్రం నలుగురూ ఆ ఆట ఆడి ఆడి, వేడెక్కి, నాగావళి ఇసుకలోకి దిగారు. రెజ్లర్ అండర్‌టేకర్ తన టూంబ్‌స్టోన్ పట్టు ఎలా వేస్తాడో చూపిస్తానని ఒకడు మీ నాన్నని తలకిందులుగా ఎత్తాడు. ఇసుకే కదా, ఏమవుతుందిలే అనుకున్నారు. నీటి అంచున తడి ఇసుక ఎంత గట్టిగా ఉంటుందో వాళ్లకి తోచలేదు. ఎత్తినవాడి కాలు జారింది. ఇద్దరి బరువూ మీ నాన్న మెడ మీద పడింది.

నేను గట్టు మీదినుంచి పరిగెత్తుకెళ్లేసరికి మీ నాన్న కళ్లు తెరిచే ఉన్నాడు. "చేతులు తెలీట్లేదురా" అన్నాడు. మిగతావాళ్లు భయంతో ఆయన్ని చంకల కింద పట్టి లేపబోయారు, సైకిలు మీద కూర్చోబెడదామని. గేదెలు తోలుకొస్తున్న ఒక పెద్దాయన దూరం నుంచే గట్టిగా అరిచాడు, "కదపకండిరా, ఆడి మెడ కదపకండి!" ఆ కేక వినపడకపోయి ఉంటే ఏమయ్యేదో నేను ఇప్పటికీ ఆలోచించలేను. ఎవరింటి నుంచో తలుపు చెక్క తెచ్చి, తల ఇటూ అటూ పోకుండా పట్టుకుని, చెక్క మీద పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చారు. అదృష్టం, చేతుల్లోకి మెల్లగా స్పర్శ వచ్చింది. వేసవంతా కాలర్ వేసుకున్నాడు, ఆ ఏడు పరీక్షలు పోయాయి, మెడ మాత్రం పూర్తిగా తిరగలేదు. ఎత్తినవాడు ఇప్పటికీ మీ నాన్న ఎక్కడ కనిపించినా ముందు "మెడ ఎలా ఉంది" అనే అడుగుతాడు.

అదే టూంబ్‌స్టోన్ రింగులో వేసినప్పుడు ఎత్తినవాడి మోకాళ్లు ముందు నేలకి తగులుతాయి, కిందివాడి తల అతని తొడల మధ్య చాపకి కాస్త పైనే ఆగుతుంది. వీపు మీద పడే దెబ్బల్లో పడేవాడు గడ్డం ఛాతీకి ఆనించి, వీపు పైభాగమంతా ఒక్కసారి తగిలేలా పడతాడు. ఎత్తేవాడికి అవతలివాణ్ణి కాపాడడమే మొదటి పని. ఏళ్ల తరబడి నేర్చుకున్నవాళ్లకీ తప్పుతుంది. 1997లో సమ్మర్‌స్లామ్ అనే పెద్ద రెజ్లింగ్ షోలో ఇలాగే తలకిందులుగా ఎత్తి వేసే పైల్‌డ్రైవర్ పట్టు తగిలి రెజ్లర్ స్టీవ్ ఆస్టిన్ రింగులోనే కాసేపు కాళ్లూ చేతులూ ఆడక పడిపోయాడు. 2003లో ఆయన రిటైర్ కావడానికి మెడ దెబ్బలే ముఖ్య కారణం. నీ పీఎస్పీలో ఇవేవీ కనపడవు. అందులో పడినవాడు నాలుగు బటన్లు నొక్కితే లేచి నిలబడతాడు.

కోప్పడుతున్నానని అనుకోకు. కుస్తీ అంటే నాకు ప్రాణం. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి గారి గడ్డ ఇది. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. ఏనుగుని గుండెల మీద ఎక్కించుకున్న ఆయనే మద్రాసులో శిక్షణ తీసుకుని వచ్చి విజయనగరంలో పిల్లలకి వ్యాయామం నేర్పారు. అంత బలం ఉన్నాయన కూడా నేర్చుకునే దిగారు. నీకూ దిగాలని ఉంటే నేను నేర్పుతాను, పడడం దగ్గర్నుంచి. ఎత్తడం చాలా తర్వాత.

పోటీ రోజున ముందే అందరికీ చెప్పు, ఎవడైనా ఎవణ్ణైనా ఎత్తితే ఇద్దరూ ఆటలోంచి అవుట్. నువ్వు పెట్టే పోటీ కాబట్టి నువ్వే చెప్పాలి, పెద్దవాళ్లు చెబితే వినరు. గెలిచినవాడు సంబరంలో డాబా మీద గెంతకుండా చూడు. ఎవరైనా మెడ మీద పడితే లేపొద్దు, 108కి ఫోన్ చెయ్యి, తల కదలకుండా పట్టుకుని అక్కడే ఉండు. ఇది చదివాక మీ నాన్న దగ్గర కూర్చుని ఆ రోజు సంగతి అడుగు. నేను చెప్పానని చెప్పు, ఏమీ అనడు.

ఫైనల్ భోగి నాడు పెట్టకు, తెల్లవారుజామున మంట దగ్గరే అందరూ అలసిపోతారు. కనుమ సాయంత్రం పెట్టు. మా హెడ్మాస్టరుగారిని అడిగి బడి నుంచి రెండు జిమ్ మ్యాట్లు బండికి కట్టుకుని వస్తాను. మీ అమ్మని అరిసెలు దాచి ఉంచమను.

ఇట్లు,
మీ మావయ్య