కలుపు ఉధృతికి 1, 2, 3 అంకెలు వేసి లెక్కించవచ్చా?

ప్రశ్న: 30 మడుల్లో కలుపు ఉధృతిని తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని నమోదు చేశాను. దిగుబడిపై దాని ప్రభావం తెలుసుకోవడానికి ఈ తరగతులకు 1, 2, 3 అంకెలు వేసి రిగ్రెషన్ (ఒకటి మారితే మరొకటి ఎంత మారుతుందో అంచనా వేసే లెక్క) చేస్తే, ఆ ప్రభావాన్ని చూపే గుణకం ఒకటే వచ్చింది. మా అబ్బాయి ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో వీటిని క్రమ తరగతులుగా ఇస్తే లీనియర్ (సరళరేఖ), క్వాడ్రాటిక్ (వంపు) అని రెండు గుణకాలు వచ్చాయి. దేన్ని నమ్మాలి?

జవాబు: 1, 2, 3 వేయడమంటే, కలుపు తక్కువ నుంచి మధ్యస్థానికి పెరిగితే ఎంత దిగుబడి పోతుందో మధ్యస్థం నుంచి ఎక్కువకు పెరిగినా అంతే పోతుందని ముందే ఒప్పుకోవడం. పొలంలో కలుపు అంత లెక్కగా నడుచుకోదు. తరగతికి 10 మడుల చొప్పున ఉండి, మడికి సగటు దిగుబడి వరుసగా 24, 22, 14 కిలోలు అనుకుందాం. మీ పద్ధతిలో అంచనాలు 25, 20, 15గా వస్తాయి. అంటే మొదటి మెట్టులో పోయింది 2 కిలోలే అయినా 5 కిలోలని చూపుతాయి.

ఇదే ఉదాహరణకు మీ అబ్బాయి పద్ధతిలో లీనియర్ గుణకం -7.07, క్వాడ్రాటిక్ గుణకం -2.45 వస్తాయి. వీటిని నేరుగా కిలోల నష్టంగా చదవకూడదు. మొదటిది రెండు కొసల తరగతుల (తక్కువ, ఎక్కువ) తేడా అయిన -10ని 0.707తో గుణించగా వచ్చింది. రెండవది 24, 14ల మొత్తంలోంచి 22కు రెట్టింపును తీసివేయగా మిగిలిన -6ను 0.408తో గుణించగా వచ్చింది. ఈ రెండవది రుణాత్మకంగా ఉందంటే, కలుపు పెరిగే కొద్దీ నష్టం మరింత వేగంగా పెరుగుతోందని అర్థం.

రైతుకు పనికొచ్చేది, నా దృష్టిలో, పక్కపక్క తరగతుల తేడాలను చూపే కోడింగ్ (తరగతులకు అంకెలు ఇచ్చే పద్ధతి): -2, -8 అని నేరుగా కిలోలలోనే చెబుతుంది. డమ్మీ చలరాశులు (మడి ఆ తరగతిదైతే 1, కాకపోతే 0) వాడినా అంచనాలు మారవు, గుణకాలు జవాబిచ్చే ప్రశ్న మాత్రమే మారుతుంది. మడులు కొద్దిగా ఉండి, ఎఫ్-పరీక్షలో (అదనపు గుణకం నిజంగా అవసరమా అని చూసే పరీక్ష) వంపుకు తగిన ఆధారం కనిపించకపోతే మీ 1, 2, 3 పద్ధతే చాలు; ఒక గుణకం ఆదా అవుతుంది.

అయితే ముందుగా ఒకటి సరిచూడండి. వరుస చెప్పకపోతే ఆర్ తరగతులను అక్షరక్రమంలో పేర్చి, ఎక్కువ, తక్కువ, మధ్యస్థం అని తీసుకుంటుంది. అప్పుడు ఆ రెండు గుణకాలకూ అర్థమే ఉండదు. సరైన వరుసను మీరే ఇచ్చి మళ్లీ లెక్క వేయించండి. వచ్చే పంటకు చదరపు మీటరుకు కలుపు మొక్కలను లెక్కపెట్టి రాసుకుంటే, ఈ తరగతుల అవసరమే రాదు.