సాఫ్ట్‌వేరా, సెక్యూరిటీయా, మార్కెటింగా? జవాబు మీ అబ్బాయి ఫైల్‌లోనే ఉంది

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ రెండో సంవత్సరం, కంప్యూటర్ సైన్స్. చదువులో పర్వాలేదు. కానీ ధ్యాసంతా వేరే చోట ఉంటుంది. కొత్త సాఫ్ట్‌వేర్ ఏదొచ్చినా ఆ రాత్రికే ఇన్‌స్టాల్ చేసి చూస్తాడు. ఏ సైట్ ఎలా హ్యాక్ అయిందో చెబుతాడు. గూగుల్‌లో ఏ పేజీ ఎందుకు పైకొస్తుందో, ఏ ప్రకటన ఎందుకు పనిచేస్తుందో వివరిస్తాడు. దొరికినదల్లా ఒక ఫైల్‌లో రాసిపెట్టుకుంటాడు, అది వందల ఎంట్రీలైంది. ఈమధ్య నేను పనిచేసే సంస్థ నుంచి వెళ్లే మెయిళ్లు అందరికీ స్పామ్‌లో పడుతుంటే వాడే కూర్చుని కారణం పట్టుకున్నాడు. ఇంత తెలిసినా 'నీకేం వచ్చు?' అని ఎవరైనా అడిగితే నీళ్లు నములుతాడు. మా బావగారు డిజిటల్ మార్కెటింగ్ కోర్సులో చేర్చమంటున్నారు. వాడేమో ఎథికల్ హ్యాకింగ్ సర్టిఫికెట్ అంటాడు. నాకైతే ఉద్యోగమంటే సాఫ్ట్‌వేరే. అన్నిట్లో వేలు పెట్టి చివరికి దేనికీ కాకుండా పోతాడేమోనని టెన్షన్‌గా ఉంది. ఏ దారి మంచిది?
- ఒక తండ్రి

జవాబు: మీ ఉత్తరంలో స్పామ్ మెయిళ్ల సంగతి మీరు మాటవరసకు రాశారు. నేను అక్కణ్నుంచే మొదలుపెడతాను. వందల ఎంట్రీల కన్నా ఆ ఒక్క పని మీ అబ్బాయి గురించి ఎక్కువ చెబుతోంది.

ఒక సంస్థ పేరుతో వచ్చిన మెయిల్ నిజంగా ఆ సంస్థ పంపిందేనా అని తేల్చడానికి మూడు ఏర్పాట్లున్నాయి. మా డొమైన్ (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత ఉండే పేరు) తరఫున ఫలానా సర్వర్లే మెయిల్ పంపొచ్చు అని డీఎన్‌ఎస్‌లో, అంటే ఇంటర్నెట్ పేర్ల డైరెక్టరీలో, పెట్టే జాబితా ఎస్‌పీఎఫ్. వెళ్లే ప్రతి మెయిల్ మీదా పడే డిజిటల్ సంతకం డీకిమ్. ఈ పరీక్షల్లో తప్పిన మెయిల్‌ను వదిలెయ్యాలా, స్పామ్‌లో వెయ్యాలా, తిప్పికొట్టాలా అని అందుకునేవాళ్లకు చెప్పేది డీమార్క్. పెద్ద ఎత్తున మెయిళ్లు పంపేవాళ్లకు ఈ మూడింటినీ గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి చేశాయి. గూగుల్ లెక్కలో జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా పంపేవాళ్లు ఆ కోవలోకి వస్తారు. ఒక్క క్లిక్‌తో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే వీలుండాలి. స్పామ్ అని ఫిర్యాదు చేసేవాళ్లు 0.3 శాతానికి చేరకూడదు.

ఇందులో ఒక తమాషా ఉంది. ఎస్‌పీఎఫ్ రికార్డును పరిశీలించేటప్పుడు డీఎన్‌ఎస్‌ను 10 సార్లకు మించి అడగకూడదని నియమం. న్యూస్‌లెటర్‌కు ఒక సర్వీసు, బిల్లులకు ఒకటి, సర్వేలకు ఇంకొకటి అని రికార్డులో కలుపుకుంటూ పోతే ఏదో ఒకరోజు ఆ పది దాటుతుంది. దాటగానే పరీక్ష మొత్తం ఫెయిలవుతుంది. ఎవరూ ఏదీ పాడుచేసినట్టు కనిపించదు, మెయిళ్లు మాత్రం స్పామ్‌కు పోతుంటాయి. మీ సంస్థలో జరిగింది ఇదేనో ఇలాంటిదే మరొకటో మీ అబ్బాయిని అడగండి, సంతోషంగా చెబుతాడు.

ఇంతకీ ఇది ఎవరి పని? మెయిల్ చేరడం మార్కెటింగ్ వాళ్లకు కావాలి. సంస్థ పేరుతో దొంగ మెయిళ్లు వెళ్లకుండా చూడటం సెక్యూరిటీ వాళ్లకు కావాలి. రికార్డులు రాసి నడిపించాల్సింది సిస్టమ్స్ వాళ్లు. చాలాచోట్ల ఈ ముగ్గురూ అది పక్కవాళ్ల పని అనుకుంటారు. మీరు మూడు వేర్వేరు దారులు అనుకుంటున్నవి పనిలోకి దిగాక ఇలా ఒకదానిలో ఒకటి కలిసిపోతుంటాయి. కాబట్టి మూడింటి మీదా ఆసక్తి ఉండటం లోపమేమీ కాదు. అయితే ఉద్యోగ ప్రకటనలో ఒక పేరే ఉంటుంది. ఇంటర్వ్యూలో ఒక పని గురించే లోతుగా అడుగుతారు. లోపలికి వెళ్లడానికి ఒక తలుపు ఎంచుకోక తప్పదు.

ఏ తలుపో తేల్చడానికి ఆప్టిట్యూడ్ టెస్టులు అక్కర్లేదు. ఆ ఫైల్ తెరిచి చూడమనండి. అందులో ఎక్కువ ఎంట్రీలు ఒక్క లైన్‌వి అయ్యుంటాయి: ఫలానా టూల్ వచ్చింది, ఫలానా లోపం బయటపడింది, ఫలానా చిట్కా. అవి వార్తలు. వాటిని పక్కన పెట్టి, కనీసం నాలుగైదు లైన్లు రాసుకున్నవి, తను ప్రయత్నించి చెడగొట్టి మళ్లీ బాగుచేసినవి ఏరమనండి. వందల్లో అలాంటివి పాతిక ఉంటే గొప్ప. ఆ పాతికలో ఎక్కువ ఎటువైపున్నాయో అదే అతని అసలు ఆసక్తి. 'నీకేం వచ్చు?' అంటే నీళ్లు నమలడానికి కారణం కూడా అక్కడే తెలుస్తుంది. ప్రశ్న వినగానే అతనికి వందలు గుర్తొస్తాయి, చెప్పాల్సింది ఆ పాతిక.

ఫైల్ చూడకుండానే నా మొగ్గు ఎటో చెప్పేస్తాను, తర్వాత మీరు సరిచూసుకోండి. ఈ రెండేళ్లూ పునాది సాఫ్ట్‌వేర్. వెళ్లాల్సిన దిక్కు వెబ్ సెక్యూరిటీ. మార్కెటింగ్‌కు ప్రస్తుతం విడిగా కోర్సు వద్దు.

సాఫ్ట్‌వేర్‌ను ముందు పెట్టింది మీ మాట నెగ్గించడానికి కాదు. 2024 మార్చి చివర్లో బయటపడిన ఎక్స్‌జెడ్ యుటిల్స్ ఉదంతం మీ అబ్బాయి ఫైల్‌లో కచ్చితంగా ఉంటుంది. లినక్స్ సిస్టమ్స్‌లో విస్తృతంగా వాడే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్ అది. దాని 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొడ్డిదారి పెట్టారు. పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్. ఆయన అసలు పని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. పనితీరు కొలుస్తుండగా ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్లు మామూలుకన్నా దాదాపు అర సెకను ఆలస్యమవుతున్నాయని, ప్రాసెసర్‌ను ఎక్కువ తింటున్నాయని గమనించి, ఎందుకని తవ్వుకుంటూ పోయారు. అర సెకను ఎక్కువ అని గుర్తించాలంటే ముందు మామూలుగా ఎంత పడుతుందో తెలియాలి. ఆ తర్వాత లోపల ఏ లైబ్రరీ (ప్రోగ్రామ్‌లు పంచుకుని వాడే కోడ్) ఏం చేస్తుందో చదవగలగాలి. ఆ ఏడాది అందరూ చెప్పుకున్న సెక్యూరిటీ ఆవిష్కరణ సెక్యూరిటీ బోర్డు తగిలించుకోని మనిషి చేతిలో జరిగింది.

వెబ్ సెక్యూరిటీలో అయితే ఇది ఇంకా సూటిగా కనిపిస్తుంది. వెబ్ అప్లికేషన్లలో ప్రధానమైన లోపాల జాబితాను ఓవాస్ప్ సంస్థ ప్రకటిస్తుంటుంది. 2021 జాబితాలో మొదటి స్థానం యాక్సెస్ కంట్రోల్ లోపాలది. అంటే, అడ్రస్‌లో ఉన్న నంబరు ఒకటి మారిస్తే పక్కవాడి బిల్లు తెరుచుకోవడం లాంటివి. ఏ టూల్‌కైనా రెండు బిల్లులూ ఒకేలా కనిపిస్తాయి. రెండోది ఈ మనిషికి కనిపించకూడదు అని తెలిసేది అప్లికేషన్ ఎలా పనిచేయాలో అర్థమైనవాడికే. లాగిన్, సెషన్, డేటాబేస్ ఉన్న ఒక చిన్న సైట్‌ను సొంతంగా కట్టిన కుర్రాడికి ఈ లోపం ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది, ఎందుకంటే తన సైట్‌లో కూడా అదే ఉంటుంది. సైట్ కట్టకుండా, లోపాలు వెతికే స్కానర్ నొక్కడం మాత్రమే నేర్చినవాడు స్కానర్ చెప్పినదాన్ని తిరిగి చెబుతాడు. అలాంటివాళ్ల కొరత ఎవరికీ లేదు.

సర్టిఫికెట్ కావాలంటున్నాడు కదా. నేను వద్దనను, ఇప్పుడే వద్దంటాను. అనుభవమున్న సెక్యూరిటీ నిపుణులకిచ్చే సీఐఎస్‌ఎస్‌పీ లాంటి సర్టిఫికెట్ పూర్తిగా దక్కాలంటే ఏళ్ల అనుభవం చూపాలి, విద్యార్థి దాని జోలికి పోవడం అనవసరం. ఓఎస్‌సీపీ ఎథికల్ హ్యాకింగ్‌లో మంచి పేరున్న పరీక్ష. ఒక పగలూ రాత్రీ దాదాపు పూర్తిగా కూర్చుని మెషీన్లలోకి చొరబడే ప్రాక్టికల్, ఆ తర్వాత ఇంకో 24 గంటల్లోపు రిపోర్టు. ఈ రిపోర్టు సంగతి చాలామంది కుర్రాళ్లు పట్టించుకోరు. సెక్యూరిటీ ఉద్యోగంలో గణనీయమైన సమయం రాయడానికే పోతుంది: ఏం దొరికింది, ఎంత ప్రమాదం, మళ్లీ ఎలా చేసి చూడాలి, ఎలా సరిచేయాలి. మీవాడు ఒక్క లైన్ ఎంట్రీలకు అలవాటు పడ్డాడు కాబట్టి ఈ సాధన ఇప్పుడే మొదలుపెట్టడం మంచిది. నేర్చుకోవడానికి డబ్బు పెట్టాల్సిన అవసరం కూడా ఇప్పట్లో లేదు. పోర్ట్‌స్విగ్గర్ అనే సెక్యూరిటీ సంస్థ వాళ్ల వెబ్ సెక్యూరిటీ అకాడమీ ఉచితం, సాధన చేసే ల్యాబులతో సహా. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నడిపే పికోసీటీఎఫ్ అనే హ్యాకింగ్ పోటీ విద్యార్థుల కోసం పెట్టిందే. 'కొన్ని వారాల్లో హ్యాకర్' అని ఊరించే సంస్థలకు ఫీజు కట్టే ముందు, ఆ ఉచిత ల్యాబుల్లో యాక్సెస్ కంట్రోల్ భాగం మొత్తం పూర్తిచేసి చూపించమనండి. అది పూర్తిచేసే ఓపిక లేకపోతే ఫీజు కట్టినా రాదు.

బగ్ బౌంటీల గురించి కూడా మీ చెవిన వేసే ఉంటాడు. లోపం చూపిస్తే కంపెనీలు బహుమతి ఇవ్వడం 1995లో నెట్‌స్కేప్ బ్రౌజర్ నాటి నుంచీ ఉన్నదే, చట్టబద్ధమైన మంచి పద్ధతే. నేర్చుకోవడానికి వాడుకోమనండి. దాన్నే నెలనెలా వచ్చే ఆదాయంగా లెక్కేసుకుంటే మాత్రం ఒప్పుకోకండి. పెద్ద కంపెనీల సైట్లను అప్పటికే ఎందరో అనుభవజ్ఞులు జల్లెడ పట్టి ఉంటారు.

ఇక్కడొక్క విషయంలో మీరు తండ్రిగా గట్టిగా ఉండాలి. అనుమతి లేకుండా ఎవరి సిస్టమ్‌నైనా పరీక్షించడం చాలా దేశాల్లో నేరం. మంచి ఉద్దేశంతో చేశానంటే చెల్లకపోవచ్చు. బౌంటీ పెట్టిన కంపెనీలు కూడా ఏ సైట్లు ముట్టుకోవచ్చో, ఏవి కూడదో రాసిపెడతాయి, ఆ హద్దు దాటితే రక్షణ ఉండదు. కాలేజీ పోర్టల్‌ను సరదాగా గెలికి చిక్కుల్లో పడే కుర్రాళ్లు సాధారణంగా తెలివైనవాళ్లే. మీ సంస్థ మెయిళ్ల విషయంలో కూడా, ఇప్పటిదాకా బయటి నుంచి కనిపించే రికార్డులు చూశాడంటే ఇబ్బంది లేదు. ఇక ముందు లోపలికి వెళ్లి ఏదైనా మార్చాల్సివస్తే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

మార్కెటింగ్‌ను తక్కువ చేసి మాట్లాడుతున్నానని మీ బావగారు అనుకోవచ్చు. అది మంచి వృత్తే. కానీ కోర్సుల్లో చెప్పేది ఎక్కువగా ఏ బటన్ ఎక్కడుంది అన్నది, బటన్లేమో చోటు మారుతుంటాయి. సైట్‌కు వచ్చేవాళ్లను లెక్కించే గూగుల్ పాత అనలిటిక్స్ 2023 జులైలో కొత్త డేటా తీసుకోవడం మానేసింది, దాని మీద నేర్చుకున్న మెలకువలు చాలామటుకు మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. 2021 ఏప్రిల్‌లో ఐఫోన్‌లో యాప్‌లు మనల్ని వెంబడించాలంటే అనుమతి అడగాల్సి రావడంతో ప్రకటనల ఫలితాన్ని కొలిచే పద్ధతే మారిపోయింది. చెక్కుచెదరకుండా మిగిలేవి ఎదుటివాడికేం కావాలో పట్టుకోవడం, స్పష్టంగా రాయడం, లెక్కను నిజాయితీగా చదవడం. పేజీ వేగం, సైట్ నిర్మాణం లాంటి సాంకేతికమైన ఎస్‌ఈఓ (గూగుల్‌లో పేజీని పైకి తేవడం) పని మీ అబ్బాయికి సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటుంటే సగం వచ్చేస్తుంది. గూగుల్ ప్రకటనల సర్టిఫికెట్లు కావాలంటే గూగుల్ వాళ్ల శిక్షణ సైట్ స్కిల్‌షాప్‌లో ఉచితంగా దొరుకుతాయి, వాటికోసం బయట ఫీజు కట్టనక్కర్లేదు.

మరి రేపటి నుంచి ఏం చేయాలి? ఒక్క ప్రాజెక్టు. తన పేరుతో ఒక డొమైన్ కొనుక్కుని, తన చేత్తో రాసిన సైట్ పెట్టుకుని, ఆ డొమైన్‌కు మెయిల్ ఏర్పాటు చేసి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ తనే అమర్చాలి. డీమార్క్‌లో ఒక మంచి సదుపాయం ఉంది. మీ డొమైన్ పేరుతో తమకు ఏ సర్వర్ల నుంచి ఎన్ని మెయిళ్లు వచ్చాయో, పరీక్షల్లో ఎన్ని తప్పాయో మెయిల్ కంపెనీలు రిపోర్టులు పంపిస్తాయి. అవి ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లు, మనిషి చదివేలా ఉండవు. వాటిని విప్పి, ఈ సర్వర్ మనదే, ఇది మనం మర్చిపోయిన పాత సర్వీసు, ఇదెవరో మన పేరు వాడుకుంటున్నారు అని తేల్చి చూపించే చిన్న ప్రోగ్రామ్ పైథాన్‌లో రాయమనండి. ఇలాంటి టూల్స్ మార్కెట్లో ఇప్పటికే ఉన్నాయని అంటాడు. ఉన్నాయి, ఉండనీయండి. అమ్మడానికి కాదు కదా. ఒకే పనిలో కోడ్ రాయడం, దాడిని గుర్తించడం, మెయిల్ ఎందుకు చేరలేదో మార్కెటింగ్ వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పడం మూడూ ఉన్నాయి. తన ఒక్క డొమైన్‌కు వచ్చే రిపోర్టులు కొద్దిగానే ఉంటాయి, మీ సంస్థ ఒప్పుకుంటే వాళ్ల రిపోర్టులతో పరీక్షించుకోవచ్చు.

కోడ్ అందరికీ కనిపించేలా పెట్టాలి. పక్కన రెండు పేజీల వివరణ ఉండాలి, అందులో ఒకటి సాంకేతిక పరిజ్ఞానం లేనివాళ్ల కోసం. మొదటి పాఠకులు మీరే అవ్వండి. అర్థం కానిచోట మొహమాటపడకుండా గీత గీసి ఇవ్వండి. ఇంటర్వ్యూలో 'నీకేం వచ్చు?' అన్నప్పుడు వందల ఎంట్రీల జోలికి పోకుండా ఈ ప్రోగ్రామ్ తెరిచి చూపిస్తే చాలు, మాటలు వాటంతటవే వస్తాయి.

ఫైల్‌ను మాత్రం మాన్పించకండి. పోగేయడం మీద మీకు విసుగున్నా, ఎక్కడేం కదులుతోందో తెలుసుకునే ఆ అలవాటు ఈ రంగంలో పదేళ్ల తర్వాత కూడా పనికొస్తుంది. కొత్త ఎంట్రీకి ఒక షరతు పెట్టుకుంటే మేలు: తను చేసి చూడనిది రాసుకోకూడదు. రోజుకు పది రాసేవాడు వారానికి రెండు రాస్తాడు. కంగారు పడకండి, మనకు కావలసింది అదే.

బావగారికి ఏం చెప్పాలన్నది మిగిలింది. ఈ ప్రాజెక్టు పూర్తయ్యేదాకా ఆగమనండి. అప్పుడు మీవాడికి దొంగ సర్వర్లను పట్టుకోవడంలో కన్నా, పంపిన మెయిల్‌ను ఎంతమంది తెరిచారు, ఏ సబ్జెక్ట్ లైన్‌కు ఎక్కువ మంది స్పందించారు అన్నదాంట్లోనే హుషారు కనిపిస్తే, బావగారి మాటే సరైనదని నేనే రాస్తాను.