బండి మీద వేడి ఇడ్లీ తిన్నా కడుపు ఎందుకు పాడవుతోంది?

ఇడ్లీ కాదండి, చట్నీయే అయ్యుంటుంది. విజయవాడ వెళ్లే ప్రతిసారీ సూర్యాపేట దగ్గర వేడివేడిగానే తింటున్నా సాయంత్రానికి కడుపు పాడవుతోంది అన్నారు కదా, ఇడ్లీ ఆవిరి మీద ఉడికి నేరుగా ప్లేట్లోకి వస్తుంది, కానీ చట్నీ పొద్దున్నే రుబ్బి బయటే పెట్టి, చిక్కబడినప్పుడల్లా పచ్చినీళ్లు కలుపుతుంటారు, 5 నుంచి 60 డిగ్రీల మధ్యే క్రిములు బాగా పెరుగుతాయి.

1. చట్నీ వద్దని చెప్పి కారప్పొడి, నెయ్యి వేయించుకోండి. సాంబార్ అయితే పొయ్యి మీద మరుగుతుంటేనే.

2. చాలామంది వదిలేసేది ఇదే: ప్లేట్. తాగడానికి బాటిల్ కొనుక్కుంటాం గానీ బకెట్లో ముంచి తీసిన తడి ప్లేట్లోనే తినేస్తాం, ఆ బకెట్ నీళ్లు ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలీదు. విస్తరాకో పేపర్ ప్లేటో అడగండి, లేదంటే ఇంటి నుంచి ఒక స్టీల్ ప్లేట్ కారులో పడేసుకోండి, నేను అదే చేస్తా.

3. ఆల్రెడీ విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ తాగుతూ ఉండండి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు మంచి నీళ్లలో 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు, రెండూ తలకొట్టి కొలవండి. జ్వరం గానీ రక్తం గానీ కనిపిస్తే మాత్రం ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.